మంచుగడ్డ కరిగాక ఏం మిగులుతుంది?

2015 డిసెంబర్ మొదటి వారం. పారిస్‌లో ప్రపంచ దేశాల ప్రతినిధులు వాతావరణ ఒప్పందం మీద కుస్తీ పడుతున్నారు. అదే ఊళ్ళో, పాంథియాన్ కట్టడం ముందున్న ఖాళీ స్థలంలో, పన్నెండు పెద్ద మంచుగడ్డలు గడియారంలో అంకెల్లా గుండ్రంగా పేర్చి ఉన్నాయి. అన్నీ కలిపితే సుమారు 80 టన్నులు. దారిన పోయేవాళ్ళు ఆగి చేతులు పెట్టి చూశారు, కౌగిలించుకున్నారు, కొందరు చెవి ఆనించి విన్నారు. ఆ మంచు కరిగేటప్పుడు చిటపటమని చిన్న చప్పుడు వస్తుంది. వేల ఏళ్ళ కిందట మంచులో చిక్కుకుపోయిన గాలి బుడగలు ఒక్కొక్కటే పగిలి బయటికొచ్చే చప్పుడు అది. కొద్ది రోజుల్లో గడ్డలన్నీ చిక్కిపోయాయి. చివరికి తడి నేల మిగిలింది, అదీ ఆరిపోయింది.

ఈ పని పేరు 'ఐస్ వాచ్'. చేసింది ఒలాఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు, గ్రీన్‌లాండ్‌లో పుట్టిన మినిక్ రోసింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ముందు 2014లో కోపెన్‌హాగన్‌లో పెట్టారు, తర్వాత పారిస్‌లో, 2018లో లండన్‌లో. గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ దగ్గర సముద్రపు పాయలో, అప్పటికే హిమఫలకం నుంచి విరిగి నీళ్ళలో తేలుతున్న ముక్కలనే పట్టి, ఫ్రీజర్ కంటైనర్లలో ఓడ ఎక్కించి తెచ్చారు.

వెంటనే వచ్చే ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది. భూమి వేడెక్కుతోందని చెప్పడానికి డీజిల్ కాల్చి మంచు మోసుకురావడం ఏమిటి? ఎలియాసన్ బృందం ఈ ప్రశ్నను దాటవేయలేదు. పారిస్ ప్రదర్శనకు ఎంత కాలుష్యం అయిందో బయటి సంస్థతో లెక్క కట్టించి చెప్పింది: సుమారు 30 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం, అందులో దాదాపు అంతా రవాణాదే. సగటు భారతీయుడి వాటా ఏడాదికి మూడు టన్నుల లోపే. అంటే పది మంది మన మనుషుల ఏడాది బతుకు ఆ మంచులో ఉంది.

దండగా? నేను అలా అనను. గ్రీన్‌లాండ్‌లో మంచు కరుగుతోందని పేపర్లో చదివితే అది ఒక వార్త. అరచెయ్యి కింద కరుగుతుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి, చెయ్యి తీసేస్తే అక్కడ మన వేళ్ళ గుంట కనబడుతుంది. ఆ గుంట చేసింది మనమే. అంకెలు ఎంత పెద్దవైనా ఆ పని చెయ్యలేవు. కానీ ఆ అనుభవం అక్కడితో ఆగిపోతే సరిపోతుందా అన్నది అసలు చిక్కు. 'పర్యావరణ కళ' అనే ఒక్క మాట కింద మనం కలిపేసే పనులన్నీ ఒకటి కావు. కొన్ని చూపిస్తాయి. కొన్ని పారేసినవాటిని తెచ్చి వాడతాయి. కొన్ని నేల మీద నిజంగా ఏదో ఒకటి బాగుచేస్తాయి. ఒకదానికి వేసే కొలతతో ఇంకోదాన్ని కొలిస్తే అన్యాయం జరుగుతుంది. అందుకని ఏ పని చూసినా నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఎక్కడి నుంచి వచ్చింది, రేపు ఎక్కడికి పోతుంది, ఈలోగా దీన్ని ఎవరు చూసుకుంటారు?

ఆ మాటకొస్తే, కరిగిపోయే శిల్పం మనకు కొత్త కాదు. చెరువు మట్టి తెచ్చి, బొమ్మ చేసి, ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజ చేసి, మళ్ళీ చెరువులోనే కలిపే పండగ మనది. ఎక్కడి మట్టి అక్కడికే. ఆ పద్ధతిలో శిల్పం చేసేవాడికి మొదటి రోజే తెలుసు, ఇది నిలిచేది కాదని. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చాకే లెక్క తప్పింది. జిప్సమ్‌ను కాల్చి పొడి చేస్తే వచ్చేది అది. అచ్చులో పోస్తే త్వరగా గట్టిపడుతుంది, తేలిగ్గా ఉంటుంది, నున్నగా వస్తుంది. నీళ్ళలో పడేశాక మాత్రం మట్టిలా విడిపోదు. రంగులతో సహా అడుగుకు చేరి అలాగే ఉంటుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున నిమజ్జనం మర్నాడు తిరిగినవాళ్ళకు నేను వర్ణించి చెప్పక్కర్లేదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు వద్దంది. 2022 నుంచి ఖైరతాబాద్ గణపతిని మట్టితో చేస్తున్నారు, ఆ ఏడాది ఎత్తు 50 అడుగులు. ఇది చిన్న విషయం కాదు. మట్టి బరువు ఎక్కువ, వానాకాలంలో ఆరదు, ఆరితే పగుళ్ళొస్తాయి. హైదరాబాద్ ధూల్‌పేటలో అచ్చులు పెట్టుకుని ఏడాదంతా ప్లాస్టర్ బొమ్మలు పోసే కుటుంబాలకు 'మట్టితో చెయ్యండి' అనడం తేలిక. చేతులకు కొత్త పని నేర్పాలి, ఆరబెట్టడానికి చోటు కావాలి, విరిగిన బొమ్మల నష్టం ఎవరో ఒకరు భరించాలి. పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టేస్తే ఆ మాటకు విలువ లేదు. మా ఇంట్లో కొన్నేళ్ళుగా మట్టి వినాయకుణ్ణి బకెట్లో నిమజ్జనం చేసి ఆ నీళ్ళు గుమ్మం దగ్గరి మందార మొక్కకు పోస్తున్నాం. ముందు తొండం విడిపోతుంది, తర్వాత చేతులు, పొట్ట మాత్రం రాత్రంతా ఉంటుంది. పొద్దున్నే చూస్తే బకెట్ అడుగున మెత్తటి బురద. పారిస్‌లో చెవి ఆనించి విన్నవాళ్ళ ఆసక్తి నాకు ఆ బకెట్ దగ్గరే అర్థమైంది.

ఇక పారేసిన వస్తువులతో చేసే కళ. ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా పార్కు గేటు దగ్గర ఇనప సామానుతో చేసిన ఏనుగో గుర్రమో ఉంటోంది. తెనాలి శిల్పులు వేల ఇనప నట్లు అతికించి గాంధీ విగ్రహం చేశారు, ఆ ఓపికకు దణ్ణం పెట్టాల్సిందే. ఢిల్లీలో 2019లో తెరిచిన 'వేస్ట్ టు వండర్' పార్కులో సుమారు 150 టన్నుల తుక్కుతో తాజ్‌మహల్, ఈఫిల్ టవర్ లాంటి ఏడు వింతల నమూనాలు నిలబెట్టారు. జనం చూస్తారు, ఫొటోలు దిగుతారు, పిల్లలకు సరదా. కానీ నా మట్టుకు ఒక అనుమానం తీరదు. తుక్కు ఎందుకింత పోగవుతోంది అన్న ప్రశ్న ఆ బొమ్మ దగ్గర పుడుతుందా, లేక 'ఆహా, తుక్కు కూడా పనికొస్తుంది' అన్న ఊరటతో ఇంటికెళ్తామా? రెండోదే ఎక్కువ జరుగుతుందని నా అభిప్రాయం.

దీనికి జవాబుగా ఘనాలో పుట్టి చాలాకాలం నైజీరియాలో పనిచేసిన ఎల్ అనత్సుయి అనే కళాకారుడి పని గుర్తొస్తుంది. వేలకు వేలు మద్యం సీసాల మూతలను నలిపి, మడిచి, రాగి తీగతో కుట్టి, గోడంత దుప్పట్లు తయారుచేస్తాడు. దూరం నుంచి జరీ వస్త్రంలా బంగారు రంగులో మెరుస్తుంది. దగ్గరికెళ్తే మూతల మీద కంపెనీల పేర్లు అలాగే ఉంటాయి. యూరప్ వర్తకులు ఆఫ్రికాకు మద్యం తెచ్చిన చరిత్ర, దానితో ముడిపడ్డ బానిస వ్యాపారం ఆ పేర్ల వెంట వస్తాయి. ఇక్కడ చెత్త తన పుట్టుక దాచుకోలేదు. మూత మూతగానే ఉండి మాట్లాడుతుంది. తుక్కుతో చేసిన ఈఫిల్ టవర్‌లో గేరు చక్రం తన సంగతి తాను చెప్పుకోలేదు, ఇంకో దేశపు గోపురంలో ఒక ముక్క అయిపోయింది. తేడా అక్కడ ఉంది. 2015లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో అనత్సుయికి జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ పురస్కారం వచ్చింది.

చండీగఢ్ రాక్ గార్డెన్ సంగతి వేరు. దాన్ని చేసిన నేక్ చంద్ రోడ్ల విభాగంలో ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కట్టడానికి పాత ఊళ్ళు కూలగొట్టిన చోట విరిగిన కుండలు, గాజులు, సింకులు ఏరుకుని 1957 నుంచి అడవిలో ఎవరికీ తెలియకుండా బొమ్మలు చేసుకుంటూ పోయాడు. అధికారులకు తెలిసేసరికి పద్దెనిమిదేళ్ళు గడిచాయి. కూల్చేస్తారనుకుంటే, 1976లో జనానికి తెరిచారు. కళాకారుడినన్న ఊహ కూడా లేకుండా ఒక మనిషి, కూలిపోయిన ఊళ్ళను పోగేసుకున్నాడు.

చెత్త సంగతి ఇలా ఉంటే, మొదట్లోనే చెత్త కాని వస్తువుతో పని చెయ్యడం ఇంకో దారి. నా బల్ల మీద ఏటికొప్పాక బొంగరం ఒకటి ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. వేరే బ్రష్షు లేదు, డబ్బా లేదు. ఈ నా బొంగరం పసుపు పట్టీ పసుపుతో వచ్చింది, నారింజ పట్టీ జాఫ్రా గింజలతో. చెట్లు, వేర్లు, గింజల నుంచి తీసే ఈ రంగులు ఒకప్పుడు పక్కకు పోయి రసాయన రంగులు వచ్చాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే లక్కపిడతల మీద సీసం ఉండే రంగు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అదే ఊరి సి.వి. రాజు సహజ రంగుల మీద ఏళ్ళ తరబడి పని చేసి మళ్ళీ వాటిని వాడకంలోకి తెచ్చారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. దీన్ని హస్తకళ అంటాం, మ్యూజియం ముందు పెట్టిన మంచుగడ్డను సమకాలీన కళ అంటాం. ఒకే ప్రశ్నకు ఇద్దరూ జవాబు చెబుతున్నప్పుడు ఆ గోడ ఎందుకో నాకు అర్థం కాదు.

మ్యూజియం అన్నాం కాబట్టి, దాని ఇంటి లెక్క కూడా చూడాలి. చాలా దశాబ్దాల పాటు పెద్ద మ్యూజియంలు గదిలో వేడిని 20 డిగ్రీల దగ్గర, తేమను 50 శాతం దగ్గర కదలకుండా పట్టి ఉంచేవి. బొమ్మ అరువు ఇవ్వాలన్నా ఆ షరతే. బయట మంచు కురిసినా, నలభై అయిదు డిగ్రీల ఎండ కాసినా, లోపల ఏసీ రాత్రీ పగలూ నడవాల్సిందే. తర్వాత బిజో అనే పెద్ద మ్యూజియంల కూటమి 16 నుంచి 25 డిగ్రీల దాకా, తేమ 40 నుంచి 60 శాతం దాకా ఉన్నా చాలా వస్తువులకు ఫర్వాలేదని ఒప్పుకుంది. వినడానికి చిన్న సవరణ. కరెంటు బిల్లు తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్దదో తెలుస్తుంది. లండన్‌లో 2020లో మొదలైన గ్యాలరీ క్లైమేట్ కోయిలిషన్ అనే కూటమి 2030కల్లా కళారంగం కాలుష్యాన్ని సగానికి తగ్గించాలని పెట్టుకుంది. విమానంలో కాకుండా ఓడలో పంపడం, చెక్క పెట్టెలు మళ్ళీ మళ్ళీ వాడటం లాంటి పనులే అందులో ముఖ్యం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది ఇంకా ముల్లులాంటి ప్రశ్న. లండన్‌లోని టేట్ మ్యూజియంకు బీపీ చమురు కంపెనీ 26 ఏళ్ళు స్పాన్సర్. మెక్సికో సింధుశాఖలో బీపీ బావి పేలి చమురు 87 రోజులు కారింది. ఏడాది తర్వాత, 2011 ఏప్రిల్‌లో, లిబరేట్ టేట్ అనే కళాకారుల బృందం ఆ మ్యూజియం నేల మీద ఒక మనిషిని నగ్నంగా పడుకోబెట్టి, ఒంటి మీద చమురులాంటి నల్లటి ద్రవం పోసింది. 87 నిమిషాలు, రోజుకొక నిమిషం చొప్పున. ఆ స్పాన్సర్‌షిప్ 2017లో ముగిసింది. 2022లో లండన్ నేషనల్ గ్యాలరీలో, కొత్త చమురు తవ్వకాలు ఆపాలంటూ, వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద ఇద్దరమ్మాయిలు టమాటా సూప్ పోసినప్పుడు ప్రపంచమంతా గోల చేసింది, బొమ్మకు అద్దం ఉంది కాబట్టి ఏమీ కాలేదు. నాకు ఆ రెండిటిలో మొదటిదే గట్టిదనిపిస్తుంది. అది ఎవరి ఇంట్లో జరగాలో ఆ ఇంట్లోనే, ఎవరిని అడగాలో వాళ్ళనే అడిగింది.

ఇప్పటిదాకా చెప్పినవి చూపించడం, వాడటం, నిలదీయడం. చూసుకోవడం మిగిలింది. నా మనసంతా ఉన్నది ఇక్కడే.

1982లో జర్మనీలోని కాసెల్ ఊళ్ళో డాక్యుమెంటా కళా ప్రదర్శనకు యోసెఫ్ బాయిస్ అనే జర్మన్ కళాకారుడు ఏడు వేల బసాల్ట్ రాళ్ళు తెప్పించి మ్యూజియం ముందు గుట్ట పోయించాడు. షరతు ఒకటే. గుట్టలోంచి ఒక రాయి కదలాలంటే ఊళ్ళో ఎక్కడో ఒక మొక్క నాటాలి, ఆ రాయిని దాని పక్కన పాతాలి. ఊరి నడిబొడ్డున ఆ రాళ్ళగుట్ట చాలామందికి నచ్చలేదు. నచ్చకపోతే దాన్ని తగ్గించే దారి కూడా ఒక్కటే ఉంది, నాటడం. అయిదేళ్ళు పట్టింది. ఈలోగా 1986లో బాయిస్ చనిపోయాడు. 1987లో చివరి మొక్కను ఆయన కొడుకు నాటాడు.

నాటిన రోజు రాయిదే పెద్దరికం, మొక్క పుల్లలా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ చెట్టు పైకి లేస్తుంది, రాయి ఉన్న చోటే ఉంటుంది. మొక్క చచ్చిపోతే ఆ రాయి ఒక్కటే మిగిలి అందరికీ కనబడుతుంది. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైనప్పుడు లక్ష్యం 230 కోట్ల మొక్కలు. నాటిన లెక్క ఎప్పుడూ రాసుకుంటాం. బతికిన లెక్క అడగాలంటే గుంట పక్కన ఒక సాక్షి ఉండాలి. బాయిస్ ఆ సాక్షిని మొదటి రోజే నిలబెట్టాడు. ఊరు ఇవాళ్టికీ ఆ చెట్లను చూసుకోవాల్సిందే, తప్పించుకునే వీలు లేదు.

ప్రతి మనిషీ కళాకారుడే అన్నది బాయిస్ మాట. అది చదివినప్పుడల్లా నాకు ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి వనజీవి రామయ్య గుర్తొస్తారు. మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన పలక, జేబులో విత్తనాలు, సైకిలు. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ గింజ వేయడం, నీళ్ళు పోయడం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025లో వెళ్ళిపోయారు. ఆయన్ను ఏ గ్యాలరీ కళాకారుడని పిలవలేదు. పిలవాల్సిందని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. ఒంటి మీద వేసుకున్న ఆ పలకే ఆయన ప్రదర్శన, ఊరూరా.

అమెరికాలో మెల్ చిన్ అనే కళాకారుడు చేసిన 'రివైవల్ ఫీల్డ్' ఇంకాస్త వింత. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ ఊళ్ళో పాత డంపింగ్ యార్డు. నేల నిండా కాడ్మియం, జింకు. 1991లో చిన్, వ్యవసాయ శాస్త్రవేత్త రూఫస్ చానీతో కలిసి అక్కడ కంచె వేసి, లోహాలను వేళ్ళతో పీల్చుకుని ఆకుల్లో దాచుకునే మొక్కలు వేశారు. కోసి కాల్చితే బూడిదలో లోహం దొరుకుతుంది, నేల కొంత తేలికపడుతుంది. ఇది కళ ఎలా అవుతుందని ప్రభుత్వ కళానిధి మొదట డబ్బు నిరాకరించి, తర్వాత ఇచ్చింది. శిల్పి రాతిలో అక్కర్లేనిది చెక్కేస్తాడు, నేను నేలలో అక్కర్లేనిది తీసేస్తున్నాను అన్నట్టుంటుంది ఆ పని. మొక్కల పద్ధతి నెమ్మది, ఏళ్ళు పడుతుంది. ఫ్యాక్టరీల కాలుష్యం చేరిన పటాన్‌చెరు చుట్టుపక్కల నేల, నీళ్ళ కథ తెలిసినవాళ్ళకు ఆ నెమ్మది ఎంత పెద్ద ఇబ్బందో, ఆ ప్రయత్నం ఎంత అవసరమో రెండూ తెలుస్తాయి.

న్యూయార్క్‌లో మియర్లె లేడర్‌మన్ యూకలిస్ అనే కళాకారిణి తల్లి అయ్యాక ఒక సంగతి గమనించింది. కొత్తది సృష్టిస్తే కళ, ఉన్నదాన్ని కడిగి తుడిచి కాపాడితే చాకిరీ. 1969లో ఆ చాకిరీయే నా కళ అని ప్రకటించింది. 1979 నుంచి దాదాపు ఏడాది పాటు నగరంలోని 8,500 మంది పారిశుద్ధ్య కార్మికులను ఒక్కొక్కరినే కలిసి, చెయ్యి కలిపి, ఈ ఊరిని బతికిస్తున్నందుకు థాంక్స్ చెప్పింది. పని అంతే. తెల్లవారుజామున మన వీధిలో చీపురు చప్పుడు చేసే మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? పర్యావరణం అంటే అడవులు, ధ్రువపు ఎలుగుబంట్లు మాత్రమే అనుకుంటున్నంతకాలం ఆ మనిషి మన లెక్కలోకి రాదు.

చివరిగా మనకు దగ్గరిది. విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా ఉత్తరానికి పోయే జాతీయ రహదారి 30 మీద, ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ దాటాక, కొండగావ్ వస్తుంది. ముంబై కళాకారిణి నవ్‌జోత్ అల్తాఫ్ 1990ల చివర్లో అక్కడికి వెళ్ళి, శాంతిబాయి, రాజ్‌కుమార్ కోర్రం, గెస్సురాం విశ్వకర్మ అనే ఆదివాసీ ప్రాంత కళాకారులతో కలిసి పని మొదలుపెట్టింది. విగ్రహం పెడదామని కాదు. చేతి పంపుల దగ్గరికి వెళ్ళారు. బోరింగు చుట్టూ ఎప్పుడూ బురద, నిలవ నీళ్ళు, దోమలు. ఆడవాళ్ళు, పిల్లలు అందులోనే నిలబడి కొట్టుకోవాలి. వాళ్ళతో కూర్చుని మాట్లాడి, చుట్టూ గచ్చు, నీళ్ళు పోయే దారి, స్థానిక గుర్తులతో గోడలు కట్టారు. వాటికి నల్‌పర్ అని పేరు.

నిండిన బిందె నేల మీద నుంచి ఒక్క ఊపున తలకెత్తుకోవడం ఎంత కష్టమో మోసినవాళ్ళకు తెలుసు, నడుం పట్టేస్తుంది. అందుకని ఆ గోడలో, నేలకూ తలకూ మధ్య ఎత్తులో, ఒక గూడు వదిలారు. ఆవిడ పంపు కొట్టి, బిందె నింపి, ముందు ఆ గూట్లో పెట్టుకుంటుంది. ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, చుట్టకుదురు సర్దుకుని, అక్కణ్ణుంచి తలకెత్తుకుని ఇంటికి నడుస్తుంది.